గాంధారం ఒక్కటి మారితే: ఒక జర్మన్ పాట వేగం, శ్రుతి, భావం

పాటల యాప్‌లో మనకు కనిపించేది పాట పేరు, ఒక బొమ్మ, పాడినవాళ్ల పేర్లు. వెనకాల ప్రతి రికార్డింగుకూ ఇంకో చీటీ ఉంటుంది. నిమిషానికి ఎన్ని దెబ్బలు, ఏ శ్రుతి, స్వరాల మెట్లు మేజర్ వరసవా మైనర్ వరసవా, పాటలో సంతోషం పాలు సున్నాకూ ఒకటికీ మధ్య ఎంత అని. ఇవి ఎవరో కూర్చుని విని వేసిన మార్కులు కావు. ధ్వనిని ముక్కలు చేసి కంప్యూటర్ తేల్చిన అంకెలు. బరాత్‌లో ఒక పాట తోకకు ఇంకో పాట తల అతికించే డీజేకి ఇంతకన్నా ఏం కావాలి! వేగం, శ్రుతి కుదిరితే జనం ఆగకుండా ఆడతారు.

ఇదే చీటీని జర్మన్ 'లీడ్' మీద అతికిస్తే చిక్కు మొదలవుతుంది. లీడ్ అంటే మాటకు 'పాట' అనే అర్థం. సంగీతంలో మాత్రం ఒక కవిత, ఒక గొంతు, ఒక పియానో కలిసి చేసే కచేరీ పాట. ఇందులో పియానో గొంతుకు పక్కవాద్యం కాదు. కథలో సగం అదే చెబుతుంది, ఒక్కోసారి గాయకుడు దాచినది కూడా అదే బయటపెడుతుంది. ఇలాంటి పాట దగ్గర ఆ చీటీలోని వేగం, శ్రుతి, భావం అనే మూడు గడులూ మూడు వేరువేరు తగవులు.

ఒకే పాట పట్టుకుని చూద్దాం. విల్హెల్మ్ ముల్లర్ కవితలకు ఫ్రాంజ్ షూబర్ట్ 1827లో కట్టిన 24 పాటల మాల 'వింటర్‌రైజె', అంటే చలికాలపు ప్రయాణం. అందులో మొదటి పాట 'గూటె నాఖ్ట్', శుభరాత్రి. ఒక యువకుడు తను ప్రేమించిన పిల్ల ఉన్న ఇంటి నుంచి రాత్రివేళ మంచులో వెళ్లిపోతున్నాడు. పరాయివాడిగా వచ్చాను, పరాయివాడిగానే పోతున్నాను అంటూ మొదలుపెడతాడు. మే నెల తనకు పూలిచ్చింది. పిల్ల ప్రేమ మాట ఎత్తింది, వాళ్లమ్మయితే పెళ్లి మాటే ఎత్తింది. ఇప్పుడు దారి మంచు కింద పడింది. నిద్ర చెడగొట్టను, అడుగుల చప్పుడు విననివ్వను అనుకుంటూ తలుపు మెల్లగా వేసి, గేటు మీద 'శుభరాత్రి' అని రాసి పోతాడు. ఎందుకు వెళ్తున్నాడో ముల్లర్ చెప్పడు. షూబర్ట్ కూడా చెప్పడు.

నిమిషానికి ఎన్ని అడుగులు

చేతిరాత ప్రతిలో షూబర్ట్ రాసిన సూచన 'మితంగా, నడిచే కదలికతో'. అచ్చులోకి వచ్చేసరికి 'మితంగా' అన్న ఒక్క మాటే మిగిలింది. అంకె మాత్రం రెండుచోట్లా లేదు. వేగాన్ని టిక్కుటిక్కుమని కొలిచే మెట్రోనోమ్ అప్పటికి లేక కాదు, మేల్జెల్ దాని మీద 1815లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1821లో అచ్చయిన తన 'ఎర్ల్‌కోనిగ్' పాటకు షూబర్ట్ నిమిషానికి 152 అన్న అంకె ఇచ్చాడు కూడా. ఈ పాటల మాలకు ఇవ్వలేదు. నడక అన్నాడు, అంతే.

ఆ నడక పియానోలో వినిపిస్తుంది. రెండు దెబ్బల బార్‌లో (మన ఆవర్తం లాంటిది) నాలుగు సమానమైన కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు), మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఆగకుండా. కంప్యూటర్ చేసేది ఈ మోతలు ఎంత దూరంలో తిరిగి తిరిగి వస్తున్నాయో కొలవడం. ఒక్కో కార్డునూ లెక్కపెడితే ఒక సాధారణ రికార్డింగులో నిమిషానికి 100 చుట్టుపక్కల వస్తుంది. రెండేసి కలిపి ఒక దెబ్బ అనుకుంటే 50. రెండు లెక్కలూ సరైనవే. కానీ 100 అంటే మామూలు మనిషి నడక, 50 అంటే చీటీ చదివేవాడి కంటికి ఏదో జోలపాట. ఇలా సగానికో రెట్టింపుకో జారిపోవడం ఈ యంత్రాలకు పాత జబ్బు. కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఇది వింతేం కాదు. తొడ మీద తాళం వేసే చెయ్యి ఒక వేగంతో కదులుతుంటే లోపల అక్షరాలు నాలుగు రెట్ల వేగంతో నడుస్తుంటాయి. చౌకకాలం కీర్తన వేగం ఎంత అని అడిగితే, చేతినా అక్షరాన్నా అని తిరిగి అడగాల్సిందే.

ఇప్పుడు అసలు తగవు. ఈ పాట రికార్డింగులు ఎక్కువగా ఐదు నుంచి ఆరు నిమిషాల మధ్య ఉంటాయి. నిమిషానికి 100 అడుగుల లెక్కన ఐదున్నర నిమిషాలు పట్టే పాట, 75 అడుగులకు దిగితే ఏడు నిమిషాల 20 సెకన్లు అవుతుంది. ఇలాంటి సాగదీత ఊహకు మాత్రమే అనుకోకండి. 1985 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో ప్రేక్షకుల ముందు పీటర్ ష్రయర్ పాడగా స్వియతొస్లావ్ రిక్టర్ వాయించిన రికార్డింగు బాగా నెమ్మదిగా నడుస్తుంది. షూబర్ట్‌ను సాగదీయడంలో రిక్టర్‌ది ప్రత్యేకమైన మొండితనం. మొదటిసారి విన్నప్పుడు నాకు విసుగే పుట్టింది. ఇదేం నడక, కాళ్లకు బురద అంటుకున్నట్టు అనిపించింది. రెండోసారి ఇంకోలా తోచింది. ఆ వేగానికి ఎవరూ నడవరు. అంటే అతను ఇంకా గుమ్మం దాటలేదు, నడక అంతా తలలోనే జరుగుతోంది. అయినా షూబర్ట్ రాసింది 'నడిచే కదలిక' కాబట్టి నా ఓటు 100 దగ్గరే. బయలుదేరినవాడు ఆగితే వెనక్కి తిరుగుతాడు. అందుకే ఆగడు. ఆ పట్టుదల వినబడాలంటే కాలు కదలాలి.

ఈ వేగం గాయకుడిది అనుకుంటాం. పాటలో మొదటి ఆరు బార్లు పియానో ఒక్కటే వాయిస్తుంది. గాయకుడు నోరు తెరిచేసరికి వేగం తేలిపోయి ఉంటుంది. గాయకుడు డీట్రిష్ ఫిషర్-డీస్కౌ ఈ పాటల మాలను 1955, 1962, 1971లలో జెరాల్డ్ మూర్‌తో, 1965లో యోర్గ్ డేముస్‌తో, 1985లో ఆల్‌ఫ్రెడ్ బ్రెండెల్‌తో రికార్డు చేశాడు. అవి కాక ఇంకా ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి వింటే గొంతు వయసు ఎంత తెలుస్తుందో, పియానో ముందు కూర్చున్న మనిషి మారడం కూడా అంతే తెలుస్తుంది.

వాద్యానికీ ఇందులో పాత్ర ఉంది. షూబర్ట్ కాలపు వియన్నా పియానోల్లో స్వరం త్వరగా ఆరిపోతుంది. మరీ నెమ్మదిగా వాయిస్తే కార్డుకూ కార్డుకూ మధ్య ఖాళీ పడుతుంది. నేటి కచేరీ పియానోలో మోత చాలాసేపు నిలబడుతుంది కాబట్టి సాగదీయడానికి వీలుంది. పాత లక్క రికార్డుల రోజుల్లో కష్టం ఇంకోటి. 12 అంగుళాల రికార్డు ఒక వైపు నాలుగు నిమిషాల చిల్లర పడుతుంది, ఈ పాట అందులో ఇమడదు. తొందరగా పాడాలి, లేదా చరణం వదలాలి, లేదా రికార్డు తిప్పాలి. 1930ల నాటి రికార్డింగు చురుగ్గా వినిపిస్తే అది కళాకారుడి అభిప్రాయమని వెంటనే తీర్మానించకండి.

ఇదే మాలలో 11వ పాట 'ఫ్రూలింగ్స్‌ట్రౌమ్', వసంతపు కల. అది సగటు అన్న మాటనే ఎగతాళి చేస్తుంది. మొదట హాయిగా ఊగే కల. కోడి కూయగానే ఉలిక్కిపడి లేచే వేగం. తర్వాత కిటికీ అద్దం మీద మంచు గీసిన ఆకులను చూస్తూ కూర్చున్న నెమ్మది. ఈ మూడూ వరసగా రెండుసార్లు వస్తాయి. మూడు వేగాలకు సగటు తీస్తే వచ్చే అంకె పాటలో ఎక్కడా లేని వేగం. ఒక చెయ్యి మంచులో, ఒక చెయ్యి పొయ్యిలో పెట్టినవాడికి ఒళ్లు గోరువెచ్చగా ఉందన్నట్టు.

ఎవరి గొంతుకు ఏ శ్రుతి

చీటీలో రెండో గడి శ్రుతి. 'గూటె నాఖ్ట్' డి మైనర్, అంటే డి అనే స్వరం ఆధారంగా మైనర్ వరస అని పుస్తకాలన్నీ చెబుతాయి. అదే పాట చాలామంది బారిటోన్‌ల (మధ్యస్థాయి మగగొంతుల) రికార్డింగుల్లో సి మైనర్‌లో ఉంటుంది, ఇంకా లోతైన గొంతులవాళ్లు మరో మెట్టు దిగుతారు. షూబర్ట్ రాసినది ఎత్తు గొంతుకు. దించి అచ్చు వేసిన ప్రతులు 19వ శతాబ్దం నుంచీ దొరుకుతున్నాయి. ఇది మోసమా అని పాశ్చాత్య శ్రోతలు వాదించుకుంటారు. మనకు ఈ వాదనే అర్థం కాదు. ఒకే కీర్తనను మగవాళ్లు ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్లు ఐదున్నర శ్రుతిలో పాడితే కీర్తన మారిందని ఎవరూ అనరు. ఆధార షడ్జమం గొంతుది, రాగం పాటది. లోటె లేమన్ 1940ల తొలినాళ్లలోనూ, బ్రిగిటె ఫాస్‌బెండర్ 1988లోనూ ఈ మగవాడి ప్రయాణాన్ని ఆడగొంతుతో రికార్డు చేశారు. ప్రయాణం ఏమీ చెడలేదు.

అలాగని శ్రుతి దించితే ఏమీ మారదని కాదు. పియానో తంబురలా కొత్త శ్రుతికి సర్దుకోదు. ఎడమచేతి కార్డులు కింది తీగల్లోకి దిగితే చిక్కబడి, ఒక్కోసారి మురికిగా మోగుతాయి. నడక బరువెక్కుతుంది. 1942లోనూ 1954లోనూ హాన్స్ హోటర్ లోతైన గొంతుతో పాడిన రికార్డింగుల్లో మంచు మీద అడుగు ఇంకాస్త లోపలికి దిగినట్టు ఉంటుంది. అందులో గొంతు వాటా ఎంత, ఆ కింది తీగల వాటా ఎంత అని విడదీయలేం.

'అసలు శ్రుతి' అని పట్టుబట్టేవాళ్లను ఇబ్బంది పెట్టే సంగతి ఇంకోటుంది. షూబర్ట్ చేతిరాత ప్రతి ఇప్పుడు న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో ఉంది. దానికీ టోబియాస్ హాస్లింగర్ వియన్నాలో 1828లో అచ్చు వేసిన ప్రతికీ ఐదు పాటల్లో శ్రుతి తేడా. 'వాసర్‌ఫ్లూట్', 'రాస్ట్', 'ఐన్‌జామ్‌కైట్', 'మూట్', వీధిలో వాద్యం తిప్పే ముసలివాడి గురించిన చివరి పాట 'డెర్ లైయర్‌మన్' అన్నీ అచ్చులో కిందికి దిగాయి. లైయర్‌మన్ చేతిరాతలో బి మైనర్, అచ్చులో ఎ మైనర్. మరి ఏది అసలు?

శ్రుతికి శ్రుతికీ స్వభావం ఉంటుందని నమ్మిన కాలం అది. క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ డానియెల్ షుబార్ట్ అనే కవి, సంగీతజ్ఞుడు అలాంటి జాబితా ఒకటి తయారుచేశాడు. షూబర్ట్ చేప పాట 'డీ ఫొరెల్లె'కు మాటలు ఈయనవే. జాబితా ఆయన పోయాక 1806లో అచ్చయింది. అందులో డి మైనర్‌కు దిగులు, చిరాకు. డి మేజర్‌కు విజయం, యుద్ధనాదం. బి మైనర్‌కు ఓర్పు, విధి కోసం నిశ్శబ్దంగా ఎదురుచూడటం. బి మైనర్ వివరణ లైయర్‌మన్‌కు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. సరిపోయిన ఆ శ్రుతిలోంచి పాటను తీసేసి అచ్చు వేశారు. పాట మాత్రం అలాగే వణికిస్తుంది. ఇక డి మేజర్ విజయనాదం సంగతి 'గూటె నాఖ్ట్' నాలుగో చరణంలో చూస్తాం.

రికార్డింగు వయసు కూడా శ్రుతిని కదుపుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరగాల్సిన రికార్డు 80 చుట్లు తిరిగితే పాట దాదాపు అరమెట్టులో సగం పైకెక్కుతుంది. పాత వాద్యాలతో వాయించేవాళ్లు ఎ స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు బదులు 430 దగ్గర శ్రుతి చేసుకుంటారు. యంత్రం ఇవన్నీ దగ్గర్లో ఉన్న గడిలోకి తోసేసి ఒక పేరు పెడుతుంది.

సంతోషం ఎక్కడ నొప్పి పెడుతుంది

మూడో గడి భావం. మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే దుఃఖం అన్న పాఠం పియానో క్లాసులో మొదటి వారమే చెబుతారు. చీటీ రాసే లెక్కల్లోనూ ఈ పాఠం నీడ ఉండొచ్చు. ఈ పాట దగ్గర అది తలకిందులవుతుంది.

స్వరాల్లో చూద్దాం. డి ని షడ్జమం అనుకోండి. మొదటి మూడు చరణాల్లో పాట నఠభైరవి, కీరవాణి స్వరాల మధ్య తిరుగుతుంది (రాగాలు అనడం లేదు, స్వరాల మెట్లు మాత్రమే). సాహిత్యం ఎత్తుకునేదే పైనున్న సాధారణ గాంధారం మీద. అక్కడి నుంచి మెట్లు దిగినట్టు కిందికి జారుతుంది. పిల్ల ప్రేమ మాట ఎత్తింది అనే చోట పాట ఎఫ్ మేజర్‌లోకి వెళ్తుంది. అంటే మన గ్రహభేదం. స్వరాలు దాదాపు అవే, షడ్జమం మాత్రం వేరే చోట కూర్చుంది. నఠభైరవిలో గాంధారాన్ని షడ్జమం చేసుకుంటే శంకరాభరణం వస్తుంది కదా, ఇదీ అదే. యంత్రం తరచూ తడబడేదీ ఇక్కడే. స్వరాల మొత్తాలు లెక్కపెట్టి పోల్చి చూసుకునే పద్ధతికి డి మైనర్‌కూ ఎఫ్ మేజర్‌కూ తేడా సన్నగా ఉంటుంది. తంబుర లేకుండా గ్రహభేదం తేల్చమంటే మనిషి చెవికీ కష్టమే.

ఆ ఎఫ్ మేజర్ హాయిగానే ఉంటుంది, నొప్పి పెట్టదు. ఎందుకంటే షడ్జమం మారింది, అతను వేరే చోటికి, మే నెలలోకి వెళ్లి వచ్చాడు. జ్ఞాపకం జ్ఞాపకంలాగే వినిపిస్తుంది.

నాలుగో చరణంలో జరిగేది అది కాదు. 'నీ కలలో నిన్ను కదిలించను' అనే మాట దగ్గర షడ్జమం ఉన్నచోటే ఉంటుంది. నడక అదే. పాట అదే పై మెట్టు నుంచి ఎత్తుకుంటుంది. గాంధారం మాత్రం సాధారణం నుంచి అంతరమైంది, పియానో మీద ఒక్క మెట్టు పైకి. ధైవతమూ మారుతుంది గానీ చెవికి ముందు తగిలేది ఆ గాంధారమే, మొదటి మాటే దాని మీద పడుతుంది కనుక. డి మైనర్ డి మేజర్ అయింది. షుబార్ట్ జాబితా ప్రకారం ఇక్కడ విజయఢంకా మోగాలి. షూబర్ట్ ఇక్కడ అడిగింది గుసగుస లాంటి మెత్తదనం. అతను జ్ఞాపకంలోకి పోలేదు, అదే గుమ్మం ముందు అదే మంచులో నిలబడ్డాడు. లోపల నిద్రపోతున్న మనిషి మీద మాత్రం కోపం పోయింది. వదిలిపోతున్న ఇంటి మీద ఇంత దయ చూపించేవాడిని వింటే, మూడు చరణాల ఫిర్యాదు చేయలేని పని ఆ ఒక్క స్వరం చేస్తుంది. చివర్లో 'నిన్నే తలుచుకున్నానని నీకు తెలియాలి' అనే మాట రెండోసారి వచ్చేటప్పుడు గాంధారం మళ్లీ కిందికి దిగిపోతుంది. పాట మైనర్‌లోనే ముగుస్తుంది.

రికార్డింగులు పోల్చదలచినవాళ్లకు నా సలహా ఒకటే. నిమిషాలు చూడకండి, తిన్నగా ఈ మలుపు దగ్గరికి వెళ్లండి. కొందరు మేజర్ రాబోతోందని ముందే వేగం తగ్గించి, తెర తీసినట్టు చూపిస్తారు. అది నాకు నచ్చదు, దయను ప్రకటించినట్టు ఉంటుంది. కొందరు అడుగు తప్పకుండా నడుస్తూనే ఆ స్వరం వేసేస్తారు. మనం రెండు మాటలు ఆలస్యంగా గుర్తుపడతాం.

ఈ తలకిందుల తర్కం ఆ ఒక్క పాటది కాదు. ఐదో పాట 'డెర్ లిండెన్‌బౌమ్' ఇ మేజర్‌లో మొదలవుతుంది. ఊరి బావి దగ్గరి చెట్టు, కొమ్మల గలగల. నడుమ మైనర్‌లోకి దిగినప్పుడు చలిగాలి ముఖాన కొట్టి టోపీ ఎగరగొడుతుంది. మేజర్‌లో చెట్టు ఏమంటోంది? ఇటు రా, ఇక్కడ నీకు శాంతి దొరుకుతుంది అంటోంది. ఆ శాంతి ఎలాంటిదో తెలిసినవాడికి చలిగాలే నయం. ఫ్రీడ్రిష్ జిల్షర్ 19వ శతాబ్దం నడుమ ఈ పాటలోని మైనర్ భాగాలు తీసేసి, మొత్తం ఒకే వరసలో మేజర్‌లో ఉండేలా బృందగానంగా మార్చాడు. జర్మన్ దేశాల్లో అది ఊరూరా పాడుకునే జానపదమైంది. చెట్టు, బావి, తీపి గుర్తులు మిగిలాయి, చావు పిలుపు ఎవరికీ వినపడకుండా పోయింది.

షూబర్ట్ మిత్రులకూ మొదట నచ్చింది ఈ లిండెన్‌బౌమ్ ఒక్కటే. ఒళ్లు జలదరించే పాటలు వినిపిస్తాను రమ్మని పిలిచి, మాల మొత్తం తనే పాడి వినిపించాడని మిత్రుడు యోజెఫ్ ఫన్ స్పౌన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. విన్నవాళ్లు నోటమాట లేక కూర్చున్నారు. లిండెన్‌బౌమ్ మాత్రం బాగుందని మరో మిత్రుడు షోబర్ అన్నాడు. నా పాటలన్నిటికన్నా ఇవే నాకు ఇష్టం, మీకూ నచ్చుతాయి అన్నాడట షూబర్ట్. 1828 నవంబర్ 19న అతను చనిపోయాడు, 31 ఏళ్లు. రెండు భాగాలుగా అచ్చయిన ఈ మాలలో రెండో భాగం బయటికి వచ్చింది డిసెంబర్‌లో.

ఆ రెండో భాగం చివర మళ్లీ గాంధారమే. అచ్చు ప్రతిలో 23వ పాట ఎ మేజర్, 24వది ఎ మైనర్. 'గూటె నాఖ్ట్'లో చరణానికీ చరణానికీ మధ్య జరిగినది ఇక్కడ పాటకూ పాటకూ మధ్య, ఎదురు దిక్కులో జరుగుతుంది. పాటలకు విడివిడిగా ఇష్టమొచ్చిన శ్రుతి పెట్టుకున్న రికార్డింగుల్లో తెగిపోయేది ఈ ముడే. శ్రుతి దించితే తప్పు లేదు, ఈ రెండింటినీ కలిపి దించాలి.

చివరి పాటలో ఊరి చివర మంచుగడ్డ మీద చెప్పుల్లేకుండా నిలబడిన ముసలివాడు లైయర్ తిప్పుతుంటాడు. పిడి తిప్పితే లోపలి చక్రం తీగలను రాసుకుని మోగించే వాద్యం అది. పాట నడిచే తీగలతో పాటు ఆగకుండా మోగే శ్రుతి తీగలూ దానికి ఉంటాయి. ముందున్న పళ్లెం ఖాళీ. కుక్కలు గుర్రుమంటాయి. పియానో ఎడమచేతిలో మొదటి బార్ నుంచి చివరి బార్ దాకా రెండే స్వరాలు, షడ్జమం, పంచమం. ఆ జంటలో గాంధారం లేదు. తంబురతో పెరిగిన చెవికి ఇది పరాయి పాటలా ఉండదు. మొదటి రెండు బార్లలో ఆ జంటకు ముందు ఒక అపస్వరం గీరుకుంటూ జారుతుంది, చక్రం తిరగడానికి మొరాయించినట్టు. షూబర్ట్ సూచన 'కొంచెం నెమ్మదిగా'. చాలామంది 'కొంచెం' అన్న మాట మరిచిపోతారు.

గొంతూ వాద్యమూ వంతులవారీగా పలుకుతాయి. చివరికి అతను ముసలివాడిని అడుగుతాడు, నీతో రానా, నా పాటలకు నీ లైయర్ తిప్పుతావా అని. కొందరు గాయకులు ఆ ప్రశ్నను గుసగుసగా వదిలేస్తారు, కొందరు అక్కడ ఒక్కసారి గొంతెత్తుతారు. పియానో కూడా ఒక క్షణం ఉబ్బి, అణగిపోతుంది. ముసలివాడి జవాబు కవితలో లేదు. షడ్జమ పంచమాలు మాత్రం ఇంకొన్ని తిప్పులు తిరుగుతాయి.